పీటీవో షాఫ్టు: తొడుగు ఎందుకు? బలం ఎలా?

సదాశివనగర్ మండలంలో వరి, మక్క, చెరుకు పండించే రైతుకు ట్రాక్టరు దున్నడానికొక్కటే కాదు. రోటవేటర్ తిరగాలన్నా, మక్కలు పట్టాలన్నా, గడ్డి మోపులు కట్టాలన్నా ట్రాక్టరు వెనుక నుంచి పనిముట్టుకు ఇంజిన్ బలాన్ని అందించే పీటీవో షాఫ్టే దిక్కు.

అది అంత ప్రమాదం ఎందుకు?

పీటీవో మామూలుగా నిమిషానికి 540 సార్లు, అంటే సెకనుకు 9 సార్లు తిరుగుతుంది. 7 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టమైతే ఒక్కో చుట్టుకు 22 సెంటీమీటర్ల గుడ్డను లాక్కుంటుంది. తువ్వాల చిక్కిందని తెలిసేలోపు, అర సెకనులోనే, మీటరు గుడ్డ చుట్టుకుపోతుంది. చీర కొంగుకైనా అంతే.

తొడుగు ఎలా కాపాడుతుంది?

ప్లాస్టిక్ తొడుగు బేరింగుల మీద కూర్చుంటుంది. దాని గొలుసును కదలని చోట కట్టేస్తే, లోపల షాఫ్టు తిరుగుతున్నా తొడుగు నిలిచే ఉంటుంది. గొలుసు తెగినా, బేరింగు పట్టేసినా తొడుగూ షాఫ్టుతో పాటే తిరుగుతుంది.

షాఫ్టు ఎంత లావుండాలి?

540 చుట్ల దగ్గర 45 హెచ్‌పీ అందాలంటే షాఫ్టు మీద దాదాపు 593 న్యూటన్ మీటర్ల మెలి పడుతుంది. మీటరు కడ్డీ చివర 60 కిలోలు వేలాడదీసినంత బలమది. రోటవేటర్‌కు రాయి తగిలితే ఇంకెంతో పెరుగుతుంది. నిండు కడ్డీ వ్యాసం 35 మిల్లీమీటర్ల నుంచి 40కి పెంచితే మెలిని ఓర్చే బలం ఒకటిన్నర రెట్లవుతుంది.

అయితే లావు పెంచితే సరిపోదా?

సరిపోదు. షాఫ్టు విరగకపోతే ఆ దెబ్బ గేర్‌బాక్సుకు తగులుతుంది. అందుకే కావాలనే బలం తక్కువున్న షేర్ బోల్టు పెడతారు. అది తెగితే మళ్లీ అదే రకం వేయాలి. గట్టి బోల్టు వేస్తే ఆ రక్షణ పోయినట్టే.

క్రాసులు రెండెందుకు?

షాఫ్టు రెండు కొసల్లో వంగే కీళ్లే క్రాసులు. షాఫ్టు వంపులో ఉంటే, ఒకే క్రాసు ఉన్నప్పుడు అవతలి కొస ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. రెండో క్రాసు ఆ కుదుపును సరిచేస్తుంది. అయితే రెండు కొసల వంపు సమానంగా, లోపలి రెండు ఫోర్కులూ ఒకే వరుసలో ఉండాలి. గ్రీజు పెట్టి తిరిగి బిగించేటప్పుడు ఇది చూసుకోవాలి. గెట్టు దగ్గర రోటవేటర్ ఎత్తితే వంపు పెరుగుతుంది కనుక ముందే పీటీవో ఆపాలి.

పవర్ థ్రెషర్ల భద్రత కోసం మన దేశంలో 1983లోనే ప్రమాదకర యంత్రాల చట్టం వచ్చింది. అయినా చేలో మనిషిని కాపాడేది మన అలవాటే. షాఫ్టు దగ్గరికి వెళ్లే ముందు ఇంజిన్ ఆపి తాళం తీసుకోండి. పాత మిషన్ కొంటుంటే తొడుగుందా అని ముందు అడగండి. లేకపోతే కొత్తది వేయించాకే పనికి తీయండి.