పేదనేల బిడ్డలు: కీటకాహార మొక్కలు

మెదకు పట్టణమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున పోచారం అభయారణ్యము కలదు. ఒకప్పుడు నిజాము ప్రభువుల వేటభూమియై, 1916-22 సంవత్సరముల నడుమ ఆలేరు వాగుపై ఆనకట్ట కట్టగా ఏర్పడిన జలాశయము పేరు వహించి, 1952లో అభయారణ్యమైన ఈ అడవికి చుక్కల దుప్పులను, కణుజులను, వలసపక్షులను చూడవచ్చువారు పలువురు. వానలు వెనుకబట్టిన దినములలో ఇట్టి దక్కను వనభూములకు పోవువారు దృష్టిని నేలకు దించి, మొరము నేలలలో చెమ్మ ఊరు తావులను, కుంటల అంచులను కూడ పరిశీలింపవలెను.

డ్రోసెరా అను కీటకాహార మొక్కకు అట్టి తావులే నెలవులు. తెలుగునాట కానవచ్చు జాతులలో డ్రోసెరా బర్మన్నై రూపాయి బిళ్లంత ఎర్రని గుత్తియై నేలకంటుకొని యుండును. డ్రోసెరా ఇండికా సన్నని ఆకులతో నిటారుగా నిలుచును. ఆకులపై నూగు కొనలయందు మెరయు జిగురుబొట్లకు ఆశపడి వాలిన చిన్నపురుగు అంటుకొని పెనగులాడినకొలది, చుట్టునున్న నూగు దానిపైకి వంగును; బర్మన్నైలో ఇది క్షణములలో జరుగును. పిమ్మట ఊరు జీర్ణరసములు కీటకమును కరగింపగా ఆ సారమును ఆకు పీల్చుకొనును. నీటను, తడినేలను పెరుగు యుట్రిక్యులేరియా అను మరియొక కీటకాహార మొక్క తన సూక్ష్మమైన తిత్తులలోని నీటిని ముందుగనే వెలికి తోడి, వాకిటి నూగు కదలినంతనే సెకనులో వెయ్యవ వంతు కాలమున జలజీవిని లోనికి లాగుకొనును.

సూర్యరశ్మితో ఆహారమును తానే సిద్ధము చేసికొనగల పచ్చని మొక్కకు ఈ వేట యేల? నత్రజని, భాస్వరము కొరవడిన నేలలో పుట్టుటచేత, వేళ్లకు లభింపని ఆ పోషకములను ఆకులతో ఆర్జించుకొనుటయే దీని పరమార్థము. 1875లో కీటకాహార మొక్కలపై గ్రంథము ప్రకటించిన చార్లెస్ డార్విన్, డ్రోసెరా ఆకులపై మాంసము, గ్రుడ్డు తెల్లసొన మొదలగునవి ఉంచి, నత్రజని గల పదార్థములకు అవి విశేషముగ స్పందించుటను నిరూపించెను.

కావుననే ఎరువు సోకిన నేలలో వీనికి బ్రదుకు లేదు. బలిసిన గడ్డి కమ్ముకొని వీనికి ఎండను దక్కనీయదు. బీడని మనము తృణీకరించు నేలయే వీని పుట్టినిల్లు. చదువరులారా, వీనిని కన్నులార చూడుడు, పెరుకకుడు, త్రొక్కకుడు. అడవి అంచుల పేదనేలలను ఉన్నవి ఉన్నట్లు ఉండనిండు.