సల్ఫా మందు బ్యాక్టీరియా పనే ఎందుకు పడుతుంది?

తోటకూర, పాలకూర, పప్పులు తింటే మనకు ఫోలేట్ అనే బి విటమిన్ అందుతుంది. కణం రెండవ్వాలంటే కొత్త డీఎన్ఏ కావాలి, దాని తయారీకి ఫోలేట్ కావాలి. మనకు దాన్ని తయారు చేసుకోవడం చేతకాదు. చాలా రకాల బ్యాక్టీరియా సంగతి తిరగబడి ఉంటుంది: బయటి ఫోలేట్‌ను లోపలికి తీసుకోలేవు, సొంతంగా వండుకోవాల్సిందే.

ఆ వంటలో కీలకమైన ఎంజైమ్ పేరు డైహైడ్రోటెరోయేట్ సింథేజ్. పేరు చూసి బెదరకండి, చేసే పని చిన్నదే. టెరిన్ అనే ముక్కకు పాబా అనే ఇంకో ముక్కను అతికిస్తుంది. సల్ఫా అణువు చూడ్డానికి పాబాలాగే ఉంటుంది. రెంటిలోనూ ఆరు కార్బన్ల వలయం, ఒక కొసన నైట్రోజన్. రెండో కొసన పాబాకు కార్బన్ ఉంటే, సల్ఫాకు గంధకం. అంతే తేడా! పెళ్లికొడుకు పోలికలున్న వేరొకడు ముందే వచ్చి పీటల మీద కూర్చున్నట్టు, సల్ఫా వెళ్లి పాబా చోటును ఆక్రమిస్తుంది. ఫోలేట్ ఆగిపోతుంది, బ్యాక్టీరియా పెరగడం మానేస్తుంది. మిగిలినవాటి సంగతి మన తెల్ల రక్తకణాలు చూసుకుంటాయి.

మనలో ఆ ఎంజైమే లేదు కాబట్టి ఈ దెబ్బ మనకు తగలదు. అలర్జీలు వేరే సంగతి.

తొలి సల్ఫా మందు ప్రాంటోసిల్ ఫలితాలను జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ 1935లో ప్రకటించాడు. చెయ్యి చీముపట్టిన సొంత కూతురికీ అదే ఇచ్చాడు. ఇక ఫోలేట్‌కే ఒక రూపమైన ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారు చేసిన అమెరికా బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే.

ఎంజైమ్ ఆకారం కాస్త మార్చుకుని సల్ఫాను రానివ్వని బ్యాక్టీరియా ఇప్పుడు చాలానే ఉంది. అందుకే డాక్టరు రాయకుండా ఈ మందును మందుల షాపులో అడిగి కొనుక్కోకండి.