త్రాగునీటి ట్యాంకుకు ఎట్టి తీగవల కావలెను?

పంచాయతీ నీటి ట్యాంకునకు తీగవల బిగించుట చిన్న పని. అంచనా పట్టీలో అది చిట్టచివరి పంక్తి. మేస్త్రీ బజారునుండి తెచ్చినదే వల. సభ్యులలో దానిని చేతబట్టి చూచువారు అరుదు. కాని 2005, 2006 సంవత్సరములలో చికున్‌గున్యా మన పల్లెలను పట్టి పీడించినప్పుడు కీళ్ళనొప్పులతో నెలల తరబడి మంచము పట్టినవారిని ఎరుగని సభ్యుడుండడు. ఆ జ్వరమును, డెంగీని మోయు ఏడిస్ దోమ మురికి గుంటను కోరదు. మనము నిలువ ఉంచుకొను మంచినీటినే కోరును. వేసవి, వానకారుల వేడిమిలో గ్రుడ్డు దోమగా మారుటకు వారము, పది దినములు చాలును. నీటిమట్టమునకు పైన తడిగోడపై అంటుకొన్న గ్రుడ్లు ఎండినను నెలల తరబడి చావక, తిరిగి నీరు తగులగనే పొదుగును. కావున ట్యాంకును ఖాళీ చేసినంత మాత్రమున చాలదు, గోడలను తోమవలెను. అంతకంటె మేలైనది దోమను లోనికి రానీయకుండుటయే.

వలను కొనునపుడు మొదట చూడవలసినది దాని కన్ను. జాలరి తన వలను కన్నునుబట్టి ఎంచుకొనునట్లే ఇచటను ఎంచుకొనవలెను. దుకాణములలో మెష్ నెంబరు అని చెప్పునది అంగుళమునకు ఎన్ని కన్నులు గలవో తెలుపు సంఖ్య. 12 నెంబరు వల ఈగను ఆపును గాని దోమను నమ్మకముగ ఆపజాలదు. 16 నెంబరు వలలో తీగ మందము 0.28 మిల్లీమీటరు అయినచో కన్ను 1.3 మిల్లీమీటర్లు ఉండును. అదే తీగతో 18 నెంబరు వలలో 1.13 మాత్రమే. త్రాగునీటి ట్యాంకునకు 18 నెంబరు వలనే కోరవలెనని మా అభిప్రాయము. చెప్పిన మాట నమ్మనక్కరలేదు. బడిపిల్లవాని కొలబద్దను వలపై ఉంచి అంగుళము పొడవున కన్నులను లెక్కింపుడు. అడ్డముగను, నిలువుగను లెక్కింపుడు. కొన్ని వలలలో ఒక వైపు 18, మరియొక వైపు 16 ఉండును. తీగ మరీ సన్నము కాకున్న అదియు పనికివచ్చును.

అట్లయిన మరింత సన్నని 30 నెంబరు వల ఇంకను మంచిది కదా యని ప్రశ్నింపవచ్చును. కాదు. సన్నని కన్ను దుమ్ముతోను, సాలెగూళ్ళతోను త్వరగా పూడుకొనును. ట్యాంకులోని నీరు దిగుచున్నప్పుడు దాని చోటున గాలి లోనికి రావలెను. వల పూడినచో ఆ గాలి ఆడదు. పొర్లు గొట్టపు వల నాచుతో మూసికొన్నచో నీరు మూత సందులనుండి పొంగును. అప్పుడు పంపు నడుపువాడు చేయు చికిత్స యేమి? పుల్లతో వలకు చిల్లు పొడుచుట! అతనిని తప్పుపట్టి లాభము లేదు. 18 నెంబరు వలలోనైనను తీగలు పోగా గాలికి మిగులు చోటు మూడింట రెండువంతులకు కొంచెము తక్కువ. కావున గొట్టపు మూతిని గంటవలె వెడల్పు చేసి, గొట్టపు వైశాల్యమునకు రెట్టింపు వల పట్టునట్లు చేయింపవలెను. మూతి క్రిందికి వంగియుండవలెను. వల విప్పి కడిగి మరల బిగించుటకు వీలుగ మరలు ఉండవలెను.

ఇక తీగ విషయము. జింకుపూత ఇనుపతీగ చౌక. కాని క్లోరిను కలిపిన నీటి ఆవిరికి పూత పోయి త్రుప్పుపట్టును. నైలాను వల ఎండకు పెళుసెక్కి చిరుగును. ఫైబర్‌గ్లాసు వలకు త్రుప్పులేదు. ఎలుక, ఉడుత కొరికివేయును. స్టెయిన్‌లెస్ స్టీలు ఖరీదైనను చాలకాలము మన్నును: మెట్ట ప్రాంతములకు 304 రకము, ఉప్పుగాలి తగులు తీరగ్రామములకు 316 రకము. అయస్కాంతము అంటలేదని దుకాణదారు చూపునది రకమునకు ఋజువు కాదు. రెండింటికిని సాధారణముగ అది గట్టిగా అంటదు. బిల్లుపై రకము వ్రాయించుకొనవలెను. కోతుల బెడద గల గ్రామములలో సన్నవలకు వెలుపల అంగుళము కన్ను గల దళసరి వెల్డెడ్ మెష్ వేయింపవలెను. అది బలమునకు, ఇది దోమకు.

ఇంత చేసినను మేము పలుచోట్ల చూచినది వేరు. వల చక్కనిదే, చట్రమునకును సిమెంటునకును నడుమ వ్రేలు దూరు సందు. లేదా మనిషి దిగు ద్వారపు మూత వంకరపోయి ఒక మూల లేచియుండును. దోమకు ఆ సందు చాలును. మూత అంచున రబ్బరు పట్టీ వేయించి తాళము బిగింపవలెను.

వాడుకలోనున్న ఊరిబావికి ఇదే పద్ధతి; అయితే క్రింద మనిషి బరువును మోయు ఇనుప ఊచల చట్రమును ముందుగ అమర్చవలెను. సన్నవల ఒక్కటియే ఉన్న బావి తెరచియున్న బావికంటె ప్రమాదకరము, పిల్లలు దానిపై అడుగు వేయుదురు.

ఇండ్లలోని సెప్టిక్ ట్యాంకుల గాలి గొట్టములు మిగిలినవి. అందు పెరుగునది మరియొక దోమ, బోదకాలును మోయు క్యూలెక్స్. ఆ వాయువులకు ఇనుపతీగ నిలువదు గనుక అచట నైలాను వలనే గొట్టపు మూతికి గట్టిగా కట్టించి, ఏటేట వానలకు ముందు మార్పింపవలెను.