ఊపిరిపొరకు వచ్చు రాతినార జబ్బు – చికిత్సలు

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమలోని తాటాకుటిండ్లను తుడిచిపెట్టిన సంగతి మన పెద్దలు మరువలేదు. నేడు నాగాయలంక, అవనిగడ్డలు మొదలు గుడివాడ, బందరు వరకు రేకుల కప్పులు సాధారణములైనవి. సిమెంటురేకులలో పెక్కింట రాతినార, అనగా ఆస్బెస్టాసు, కలసియుండును. కదలక యున్న రేకు వలన భయము స్వల్పము. కోసినపుడును, తొలిచినపుడును, తుపానుకు పగిలినపుడును లేచు సన్నని ధూళియే హానికరము. దానిని పీల్చిన ఇరువది, నలువది యేండ్లకు గాని బయటపడని క్యాన్సరొకటి కలదు. ఊపిరితిత్తులను కప్పియుండు పొరకు వచ్చు ఈ వ్యాధికి మెసోథెలియోమా యని పేరు. ఇది అరుదైనదే గాని కఠినమైనది.

ఇది కూలిపని చేయు పురుషుల జబ్బని మన ముపేక్షింపరాదు. 1965లో లండనులో న్యూహౌస్ అను వైద్యురాలు థాంప్సనుతో గూడి ప్రకటించిన పరిశోధనలో, తొమ్మండుగురు రోగులకు ఇంటివారు పనినుండి తెచ్చిన ధూళియే సోకినట్లు తేలెను. భర్తల పనిబట్టలు ఉతికిన భార్యలు వారిలో నుండిరి.

ఆయాసము, రొమ్మునొప్పి, పొరల నడుమ నీరు చేరుట దీని లక్షణములు. నీరు చేరినంతనే క్షయ యని తలచుట మనకు సహజము. తరచు అది నిజమే. కాని క్షయమందులతో తగ్గనిచో, పొరముక్క తీసి పరీక్షింపుడని వైద్యుని అడుగవలెను. రోగి పూర్వము రేకులు కోసెనా, లారీబ్రేకుల పని చేసెనా యనునదియు చెప్పవలెను.

ఇక చికిత్సలు. మొదట ఆయాసము తీర్చుటకు నీరు తీయుదురు. అది మరల చేరకుండ టాల్కుపొడితో పొరల నతికింతురు. లేదా ఇంటియొద్దనే నీరు తీయుటకు సన్నని గొట్టము అమర్తురు.

రెండవది పెమెట్రెక్సెడ్, సిస్‌ప్లాటిన్ అను మందులను నరమున ఎక్కించుట. 2003లో ప్రకటితమైన పరీక్షలో సిస్‌ప్లాటిన్ మాత్రమే పొందినవారికి నడిమి ఆయుర్దాయము సుమారు 9 నెలలు కాగా, రెండును పొందినవారికి 12 నెలలయ్యెను. ఈ మందుతో ఫోలిక్ ఆమ్లమును, బి12 విటమినును విధిగా తీసికొనవలెను. ఫోలిక్ ఆమ్లపు పనిని అడ్డగించు మందుల తొలితరమునకు బాట వేసినవారిలో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు.

మూడవది, శరీరపు రక్షణశక్తిని మేల్కొలుపు నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అను జంటమందు. 2020లో అమెరికాలో అనుమతి పొందిన దీనితో నడిమి ఆయుర్దాయము 14 నుండి 18 నెలలకు పెరిగెను. వెల మిక్కిలి యెక్కువ.

నాల్గవది శస్త్రచికిత్స. 2024లో ప్రకటితమైన బ్రిటను పరీక్షలో పొరను ఒలిచివేయు పెద్ద శస్త్రచికిత్స ఆయువును పెంచలేదు సరికదా, ఇబ్బందులను హెచ్చించెను. కావున పొలము తాకట్టు పెట్టుటకు ముందు, “దీనివలన ఎన్ని నెలలు? ఎంత బాధ?” యని నిస్సంకోచముగా అడుగుడు. ప్రభుత్వ వైద్యసేవా పథకము ఎంతవరకు భరించునో ఆసుపత్రిలోనే విచారింపుడు. వైద్యుడు వ్రాసిన మార్ఫీను నిచ్చుటకు జంకవలదు; నొప్పి తగ్గించుటయు చికిత్సయే.

పగిలిన రేకును తడిపి తీయింపుడు. ఆ ధూళిని పొడిచీపురుతో ఊడ్వకుడు. పనిబట్టలను దులుపక వేరుగా తడిపి ఉతుకుడు. పూర్తిగా నయము చేయు మందు లేని ఈ జబ్బును ఇంటికి రానీయకుండుటలో ఇల్లాలి చేతిలో నున్నది స్వల్పము కాదు.