ఇంజను దొరుకుతుంది, సీటు గుడ్డే దొరకదు

ముప్పై ఏళ్లు దాటిన ఫ్రెంచి కారు ఒకటి షెడ్డులో ఉంది. ఇంజను చెడిపోయింది. పెద్ద గండమే అనిపిస్తుంది గానీ, నాలుగు చోట్ల వాకబు చేస్తే మరో ఇంజనుకు దారి దొరుకుతుంది. అదే కారులో డ్రైవరు సీటు అంచున గుడ్డ చిరిగిందనుకోండి, అసలు తిప్పలు అప్పుడు మొదలవుతాయి. ఏనుగు వెళ్లి తోక చిక్కడమంటే ఇదే.

ఆ కారు పేరు క్లియో విలియమ్స్. చేసింది రెనో, అంటే మనం రెనాల్ట్ అని పలికే ఫ్రెంచి కంపెనీ. మామూలు క్లియో 1990లో వచ్చింది. మన వీధుల్లో తిరిగే స్విఫ్ట్ లాంటి హ్యాచ్‌బ్యాక్. మరుసటి ఏడాదే యూరప్‌లో ‘కార్ ఆఫ్ ద ఇయర్’ బిరుదు అందుకుంది. స్కూలు పిల్లల్ని దించడానికి, సంతకు వెళ్లి రావడానికి పనికొచ్చే ఆ బండిని ర్యాలీ పందేలకు దించాలని రెనో అనుకుంది. అక్కడొక మెలిక ఉంది. గ్రూప్ ఏ పందెంలో దిగాలంటే అలాంటి కార్లను కనీసం 2,500 చేసి జనానికి అమ్మాలి. అలా 1993లో పుట్టింది విలియమ్స్. మొదట 3,800 మాత్రమే చేస్తామన్నారు. ఒక్కో కారుకు డ్యాష్‌బోర్డు మీద వరస నంబరున్న చిన్న లోహపు పలక బిగించారు.

పేరు చూసి ఫార్ములా వన్ జట్టు విలియమ్స్ ఈ కారును తీర్చిదిద్దిందనుకుంటే పొరపాటు. 1992లో నైజెల్ మాన్సెల్, 1993లో అలెన్ ప్రాస్ట్ ప్రపంచ విజేతలైంది విలియమ్స్ కార్లలో, రెనో ఇంజన్లతో. ఆ కీర్తిని కొంత ఇంటి కారుకూ పూశారు, అంతే. ఇంజనీరింగ్ పనంతా చేసింది రెనో స్పోర్ట్ విభాగం. 1,998 సీసీ, 16 వాల్వులు, 150 హార్స్‌పవర్. ముందు చక్రాల మధ్య ఎడం పెంచారు. ఇక పై సింగారం: ముదురు నీలం రంగు, బంగారు రంగు స్పీడ్‌లైన్ చక్రాలు, లోపల నీలం తివాచీ, నీలం సీటు బెల్టులు, నీలం మీటర్లు, సీటు మీద కుట్టిన విలియమ్స్ గుర్తు.

ఇప్పుడు చిక్కంతా ఈ సింగారంతోనే.

ఇలాంటి ప్రత్యేక కారు ఏదైనా నిజానికి రెండు కార్ల కలయిక. ఒకటి, కంపెనీ ఉమ్మడి గోదాము నుంచి అరువు తెచ్చుకున్న సామాను. రెండోది, ఆ ఒక్క మోడల్ కోసమే చేయించినవి. విలియమ్స్‌లోని ఎఫ్7ఆర్ ఇంజను ఆ తర్వాత మెగాన్ కూపే 16 వాల్వు కారుకూ, రెనో స్పోర్ట్ స్పైడర్‌కూ వెళ్లింది. వెడల్పాటి ముందు మడ్‌గార్డులు, బానెట్ దాని అన్న క్లియో 16 వాల్వు మోడల్‌వే. తలుపులు, అద్దాలు చాలామట్టుకు మామూలు క్లియోవి. కాబట్టి టైమింగ్ బెల్టో, వాటర్ పంపో, హెడ్‌లైటో కావాలంటే ‘విలియమ్స్‌ది ఉందా’ అని అడగనక్కర్లేదు. ఆ సామాను ఇంకే కారులో వాడారో తెలిస్తే సగం పని అయినట్టే.

తెలుసుకోవడానికి నంబర్లున్నాయి. బానెట్ ఎత్తితే గుడ్డు ఆకారంలో చిన్న పలక కనిపిస్తుంది. కారు రకం, గేర్‌బాక్సు, రంగు లాంటి వివరాలు అందులో ఉంటాయి. వాటితో రెనో విడిభాగాల జాబితా తెరిస్తే ఒక్కో సామానుకూ ఒక నంబరు కనిపిస్తుంది. చాలావాటికి మొదట 77 ఉంటుంది. అనుభవజ్ఞులు కారు పేరు చెప్పి బేరానికి దిగరు, ఆ నంబరు చెబుతారు. కారు పేరు చెప్పగానే అమ్మేవాడి కళ్లు మెరుస్తాయి, ధర కూడా దానితోపాటే పైకి లేస్తుంది.

జాబితాలో ఫ్రెంచివాళ్లకు గుండె జారిపోయే మూడక్షరాలు ఎన్ఎఫ్‌పీ. ఇక సరఫరా లేదని అర్థం. ఒక మోడల్ తయారీ ఆగాక పదేళ్ల పాటు సామాను దొరకడం పరిపాటి. ఆ తర్వాత ఎవరి దారి వారిదే. ఇందులో కంపెనీల దుర్మార్గం కన్నా లెక్కల గొడవే ఎక్కువ. ప్లాస్టిక్ భాగం తియ్యాలంటే ఉక్కు అచ్చు ఉండాలి. ఆ అచ్చు తయారీకి బోలెడు డబ్బు పోయాలి, దాచడానికి చోటు కావాలి. అవి తరచూ కంపెనీ దగ్గర కాక సరఫరాదారుల దగ్గర ఉంటాయి. ఏడాదికి నాలుగు అమ్ముడుపోయే సామాను కోసం అచ్చును పాతికేళ్లు ఎవరు కాపలా కాస్తారు? సీటు గుడ్డదీ అదే కథ. ఒక్క తువ్వాలు కోసం మగ్గానికి పడుగు తోడమంటే ఏ నేతగాడైనా ఏమంటాడు? యూరప్ మిల్లూ అదే అంటుంది.

మామూలు క్లియోలు లక్షల్లో అమ్ముడయ్యాయి కదా, వాటిని విప్పితే సరిపోదా అంటే, అక్కడా కాలం కలిసిరాలేదు. 2008 చివర ఆర్థిక సంక్షోభంలో ఫ్రెంచి ప్రభుత్వం ఒక పథకం పెట్టింది: పదేళ్లు దాటిన కారును తుక్కుకిచ్చి కొత్తది కొంటే 1,000 యూరోలు. మరుసటి ఏడాది బ్రిటన్ కూడా 2,000 పౌండ్ల పథకం తెచ్చింది. సరిగ్గా అప్పటికి తొలితరం క్లియోల వయసు పదికీ ఇరవైకీ మధ్య! తలుపులు, అద్దాలు, తాళాలు బాగున్న బళ్లు ఎన్నో వరసగా తుక్కు కిందకు వెళ్లాయి. అవే ఉంటే విలియమ్స్ యజమానికి ఈరోజు పండగ.

మరో తమాషా చూడండి. 3,800తో ఆపుతామన్న రెనో మాట నిలబెట్టుకోలేదు. గిరాకీ చూసి ఇంకొన్ని చేసింది. ఆపైన విలియమ్స్ 2, విలియమ్స్ 3 అంటూ తెచ్చి, మొత్తం లెక్కను 12,000 దాటించింది. నంబరు పలక చూసి మురిసి కొన్నవాళ్లు మండిపడ్డారు, అందులో న్యాయం ఉంది. కానీ విడిభాగాల కళ్లతో చూస్తే ఆ మాట తప్పడమే వాళ్ల పిల్లలకు మేలు చేసింది. 12,000 కార్లు రోడ్డెక్కాయి కాబట్టే ఇవాళ విప్పుకోవడానికి కొన్నైనా ఉన్నాయి, కొత్తగా చేయించడానికి కొందరైనా ముందుకొస్తున్నారు. అయితే మూడో రకం నీలం వేరు. మొదటివి 449 నంబరు నీలం, చివరివి కాస్త ప్రకాశవంతమైన 432. పాత విలియమ్స్‌కు కొత్త విలియమ్స్ తలుపు తెచ్చి బిగిస్తే ఎండలో నిలబెట్టగానే దొరికిపోతుంది.

విడిభాగాల విషయంలో ఇంత గొడవ తప్పిన సందర్భం ఒకటుంది, అది కావాలని చేసిన దూరాలోచన కాకపోయినా. 1980లో వచ్చిన రెనో 5 టర్బో తొలి రకానికి బెర్టోనే సంస్థ గీసిన వింత లోపలి అలంకరణ, అల్యూమినియం తలుపులు, పైకప్పు పెట్టారు. ఖర్చు తడిసి మోపెడైంది. 1983లో వచ్చిన టర్బో 2లో వాటికి బదులు మామూలు రెనో 5 సామానే వాడారు. ఈ రెండింటిలో ఏది మరమ్మతుకు తేలికో చెప్పనక్కర్లేదు. ఏది ఖరీదో కూడా చెప్పనక్కర్లేదు! వీటన్నిటికన్నా విచిత్రం సిట్రోయెన్ బీఎక్స్ 4టీసీది. ర్యాలీ కోసం 200 చేసి, 86 మాత్రమే అమ్మగలిగి, చివరకు కంపెనీయే చాలావాటిని వెనక్కి కొని ధ్వంసం చేసింది.

ఈ అనుభవం మనవాళ్లకు బొత్తిగా కొత్తేమీ కాదు. 1990ల నడుమ ముంబయి దగ్గర కల్యాణ్‌లో ప్రీమియర్, ప్యూజో కలిసి 309 అనే ఫ్రెంచి హ్యాచ్‌బ్యాక్‌ను తయారు చేశాయి. కొన్నేళ్లకే ఆ వ్యాపారం మూతపడింది. కొన్నవాళ్ల చేతిలో కారు మిగిలింది, కంపెనీ మిగల్లేదు. అయితే డీజిల్ 309 యజమానికి ఒక ఊరట. అందులోని 1,527 సీసీ ప్యూజో ఇంజను రకాన్నే తర్వాత మారుతి తన జెన్, ఎస్టీమ్ డీజిల్ కార్లలో పెట్టింది. ఇంజను వరకు దిక్కు దొరికింది. వెనక లైటు అద్దానికి, తలుపు గొళ్లేనికి ఏ జెన్ ఆదుకుంటుంది? విజయవాడ ఆటోనగర్ మేస్త్రీలు ఇనుప సామాను దేన్నయినా లేత్ మీద తిప్పి ఇవ్వగలరు. వంపు తిరిగిన రంగు ప్లాస్టిక్ దగ్గరే వాళ్ల చెయ్యీ ఆగుతుంది.

మళ్లీ ఫ్రాన్సుకు వద్దాం. వేట ఎక్కడ సాగుతుందంటే, ఏటా శీతాకాలంలో పారిస్‌లో జరిగే రెట్రోమొబిల్ ప్రదర్శన ఒకటి. 1976 నుంచి నడుస్తోంది. నవంబరులో లియాన్ నగరపు పాత కార్ల సంత మరొకటి. అద్దాల పెట్టెలో మెరిసే కార్ల కన్నా బల్లల మీద పోసిన డబ్బాల దగ్గరే అసలు జనం గుమిగూడతారు. ప్యూజో, సిట్రోయెన్ల వారసత్వ సంస్థ లావెంచూర్ కొన్ని పాత మోడళ్లకు సామాను మళ్లీ చేయించి అమ్ముతోంది. 2017 నుంచి ఫ్రెంచి గ్యారేజీలు కొత్త సామానుతో పాటు, పాత కార్ల నుంచి తీసినవాటినీ గిరాకీకి చూపాలని నిబంధన ఉంది. కారు పైకి కనిపించే భాగాల మీద కంపెనీల గుత్తాధిపత్యాన్ని 2023 జనవరి నుంచి చట్టం కొంత సడలించింది. విలియమ్స్‌కు దీనివల్ల ఒరిగింది తక్కువే. చట్టం అడ్డు తొలగించగలదు గానీ అచ్చు పోసి ఇవ్వదు కదా.

డబ్బాలో సీలు విప్పని పాత సామాను కనపడితే ఎగిరి గంతేయకూడదు. లోహమైతే సరే. రబ్బరు మాత్రం అరలో కూర్చునే ముసలిదైపోతుంది. పాతికేళ్ల నాటి బుష్, పైపు, సీలు కారుకు ఎక్కకముందే గట్టిపడి ఉంటాయి. వాటికన్నా కొత్తగా పోసిన నకలే నయం. త్రీడీ ప్రింటింగ్ వచ్చాక చిన్న క్లిప్పులు, మూతలు ఇంట్లోనే చేసుకుంటున్నారు. అందులో చవగ్గా దొరికే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు అంతకు మించి కాలుతుంది. క్లిప్పు సాయంత్రానికి వడియంలా వంకర తిరిగితే ఆశ్చర్యపోవద్దు.

ఇంత కష్టపడి అసలు సామానే ఎందుకు, దగ్గరగా ఉన్నదేదో వేసుకోవచ్చుగా? తిరగడానికైతే వేసుకోవచ్చు. కానీ ఫ్రాన్సులో 30 ఏళ్లు నిండిన కారుకు ‘సేకరణ వాహనం’ అనే ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉంది. దాంతో తనిఖీ రెండేళ్లకు బదులు ఐదేళ్లకొకసారి. అందుకు షరతు, కారు పుట్టినప్పటి రూపంలో ఉండాలి. తొలి విలియమ్స్‌లు 2023లో ఆ వయసుకొచ్చాయి. దానికి తోడు అమ్మకపు విలువ. మామూలు క్లియోకు బంగారు చక్రాలు, నీలం పూత వేసి విలియమ్స్‌గా అంటగట్టేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. అసలుదని నమ్మించేవి ఆ పలక, ఆ గుడ్డ, ఆ మీటర్లే. అందుకే వాటి కోసం దొంగ చేతులూ తిరుగుతుంటాయి.

ఇలాంటి కారు కొనే ఉద్దేశం ఎవరికైనా ఉంటే, ఆ కారు క్లియో అయినా ఇంకోటైనా, బానెట్ తర్వాత ఎత్తండి. ముందు తలుపు తీసి డ్రైవరు సీటు అంచు, బెల్టు రంగు, మీటర్లు, డ్యాష్‌బోర్డు పగుళ్లు చూడండి. అవి బాగుండి ఇంజను పొగలు కక్కుతుంటే బేరమాడండి. ఇంజను గడియారంలా నడుస్తూ సీట్లకు ఏదో నల్ల రెక్సిన్ తొడిగి ఉంటే, పాత సీట్లు ఎక్కడున్నాయో అడగండి. పారేశామంటే లేచి వచ్చేయండి.