చక్రాల ఇంట్లో... ఎర్రకొండల బాటలో!

ఇంటిని వీపున మోసుకు తిరగడం నత్తకే చెల్లిందనుకుంటాం. అమెరికాలో ఆ సరదా మనుషులకూ ఉంది. ఆ ఇంటి పేరు రిక్రియేషనల్ వెహికల్, ముద్దుగా 'ఆర్వీ'. చూడ్డానికి మినీ బస్సులా ఉంటుంది. లోపల గ్యాస్ స్టవ్, ఫ్రిజ్, సింకు, బాత్‌రూమ్, పక్కలు అన్నీ ఉంటాయి. అక్కడ స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల్లోనూ కొందరు పిల్లలకు సెలవులిచ్చినప్పుడో, ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడో దీన్ని అద్దెకు తీసుకుంటుంటారు. ఎంత దూరం పోయినా వేళకింత పెరుగన్నం దొరుకుతుందన్న ధీమా మరి!

తిరకాసంతా ఆ ధీమాలోనే ఉంది. వంటిల్లు వెంట వస్తే వంట చేసే మనిషీ దాని వెంట రావాల్సిందేగా? ఇంటిల్లిపాదీ కొండెక్కి వచ్చేసరికి అమ్మ వేడివేడిగా ఉప్మా చేసి ఉంచుతుంది. అంతదూరం వెళ్లి ఆవిడ చూసేది సింకు పక్క కిటికీలోంచి కనిపించినంత మేరే! అందుకే బండి తాళాలు చేతికి రాకముందే పనులు పంచుకోవాలి. వాడిన నీళ్లు, బాత్‌రూమ్ మురుగు వేర్వేరు టాంకుల్లో చేరతాయి. వాటిని ప్రత్యేకమైన చోట గొట్టం తగిలించి ఖాళీ చేయాలి. నిస్సంకోచంగా ఆ పని శ్రీవారికి అప్పగించండి. పులిహోర పులుసు, కారప్పొడులు ఇంటిదగ్గరే చేసి పెట్టుకుంటే సగం వంట తప్పుతుంది. అన్నట్టు, బండి కదులుతుండగా లేచి టీ పెట్టబోకండి. బెల్టు పెట్టుకుని కూర్చోవాల్సిందే.

ఇంతకీ ఎక్కడికి? అమెరికా పశ్చిమాన యూటా రాష్ట్రానికి. దాని దక్షిణ భాగంలో జయాన్, బ్రైస్ కేనియన్, కేపిటల్ రీఫ్, కేనియన్‌లాండ్స్, ఆర్చెస్ అని ఐదు నేషనల్ పార్కులున్నాయి. ఐదూ చూడాలంటే వారమైనా కావాలి. ఏప్రిల్, మే నెలలు, లేదంటే సెప్టెంబర్, అక్టోబర్ మేలు. నడి వేసవిలో ఎండ మన రెంటచింతలను తలపిస్తుంది. 8,000 అడుగులు దాటిన బ్రైస్‌లో మాత్రం రాత్రయితే స్వెట్టర్ వెతుక్కోవాలి.

ఆర్చెస్‌లో 2,000కు పైగా సహజ రాతి తోరణాలున్నాయి. మన తిరుమల శిలాతోరణం చూసి ముచ్చటపడ్డవాళ్లకు ఇక చెప్పాలా! అన్నిట్లోకీ పేరున్న 'డెలికేట్ ఆర్చ్' దాకా నడక రానూపోనూ 5 కిలోమీటర్ల లోపే. కానీ అంతా బోడిరాయి మీద ఎక్కుడు, నీడనిచ్చే చెట్టు లేదు. తెల్లవారగానే బయల్దేరాలి. మనిషికి 2 లీటర్ల నీళ్లు తప్పనిసరి. చీరకంటే పంజాబీ డ్రెస్సు, పట్టున్న బూట్లు నయం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బాధపడక్కర్లేదు, కారు దిగి నాలుగడుగులేస్తే దూరం నుంచి చూసే చోటొకటి ఉంది.

ఇక సైకిళ్ల సంగతి. ఓణీ వేసిననాడే సైకిలు వదిలేసినవాళ్లం మనలో ఎంతమందిమో! మళ్లీ మొదలెట్టాలంటే జయాన్‌లోని పరూస్ బాట సరైంది. నది పక్కనే తారు పరిచిన దారి, పెద్దగా ఎత్తుపల్లాల్లేవు. ఆ పార్కులో సైకిళ్లను రానిచ్చే కాలిబాట అదొక్కటే. మోయబ్ ఊరి దగ్గరి స్లిక్‌రాక్ బాటంటే కుర్రకారు పడిచస్తారు. 1969లో మోటార్ సైకిళ్ల కోసం గీసిన దారది. నిట్టనిలువు గుట్టలు, కొత్తవాళ్ల జోలికి రాకపోవడమే మంచిది. కేనియన్‌లాండ్స్‌లోని వైట్ రిమ్ రోడ్డు 160 కిలోమీటర్లు. దారి పొడవునా తాగునీరు దొరకదు, ముందే పర్మిట్ తీసుకోవాలి. ఆర్వీ అటు వెళ్లనే వెళ్లదు.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. ఇరుకు లోయల్లోకి దిగేముందు రేంజర్లను వరద సూచన అడిగి తీరాలి. నెత్తిన ఆకాశం నీలంగా ఉన్నా, ఎగువన ఎక్కడో వాన పడితే చాలు, నిమిషాల్లో నీళ్లు ముంచుకొస్తాయి. 2015 సెప్టెంబర్‌లో జయాన్‌లోని కీహోల్ కేనియన్‌లో అలా ఏడుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 'ఇంతదూరం వచ్చాం కదా' అని మిగతావాళ్లు ఎంత తొందరపెట్టినా, అనుమానముంటే పిల్లల చెయ్యి పట్టుకుని వెనక్కి తిరగండి.

నడిచి నడిచి కాళ్లు లాగాక, ఒక రాత్రి కేపిటల్ రీఫ్‌లోని ఫ్రూటా దగ్గర బండి ఆపుకోండి. 1880ల్లో అక్కడ స్థిరపడ్డ మోర్మన్ కుటుంబాలు వేసిన పండ్ల తోటలు ఇప్పటికీ ఉన్నాయి. జూన్‌లో చెర్రీలు, ఆగస్టులో పీచ్‌లు, ఆ తర్వాత యాపిల్స్. కోతకు తెరిచిన తోటలో చెట్టుకిందే తిన్నన్ని ఉచితం. ఇంటికి పట్టుకెళ్లేవి మాత్రం తూచి డబ్బు కట్టాలి.