యజమాని ఫ్రాన్సులో, ఇల్లు నెల్లితోపులో

నాలుగు వాటాల ఇల్లు. రెండు వాటాలకు తుప్పుపట్టిన తాళాలు. తక్కిన రెండింటిలో ఏళ్ల తరబడి అద్దెకుంటున్న కుటుంబాలు. పిట్టగోడ పగులులో రావిమొక్క. యజమాని ఎవరని అడిగితే, “ఫ్రాన్సులో ఉంటారు” అన్న సమాధానం. పుదుచ్చేరి పట్టణంలోని నెల్లితోపులో ఇటువంటి ఇల్లు కనిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు.

దీని వెనుక చరిత్ర ఉంది. 1954 నవంబరు 1న ఇక్కడి పరిపాలన భారతదేశం చేతికి వచ్చింది. విలీన ఒడంబడిక 1962 ఆగస్టు 16న అమలయింది. ఫ్రెంచి పౌరసత్వం కోరుకొనే వారికి ఆనాడు ఆరు నెలల గడువు లభించింది. అలా కోరుకొన్న కుటుంబాలలో అనేకం సముద్రాలు దాటాయి. తాత కట్టిన ఇంటికి నేడు మనుమలు వారసులు. ఇల్లు పాడుబడిందంటే వారికి మమకారం లేదని కాదు. పంపకాలు తెగకపోవడమూ కారణం కావచ్చు.

కొనగోరేవారు ముందుగా రిజిస్ట్రారు కార్యాలయంలో ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీసుకోవాలి. రిజిస్టరయిన విక్రయాలు, తనఖాలు అందులో తెలుస్తాయి, వారసులెందరో తెలియదు. పైగా పుదుచ్చేరికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 1881 సెప్టెంబరు 21 నాటి ఫ్రెంచి ఉత్తర్వు ననుసరించి తమ సంప్రదాయ ధర్మశాస్త్రాన్ని వదులుకొన్న వారి వంశీకులకు నేటికీ ఫ్రెంచి పౌరస్మృతి వర్తిస్తుంది. వాటాదారులెవరో న్యాయవాది ద్వారా తేల్చుకోవడం అవసరం.

ఆ తరువాతనే ఉత్తరం. తామెవరో, ఇల్లు ఎందుకు కావాలో, అది ఏ స్థితిలో ఉన్నదో దాపరికం లేకుండా వ్రాయాలి. ధర తగ్గించాలని ఇంటిని తీసిపారేయడం అవివేకం. చదివేవారికి అది పుట్టిల్లు కావచ్చు. మొదటి ఉత్తరంలో అడగవలసింది ఒక్కటే: అమ్మే ఉద్దేశమున్నదా?

“నాకు సర్వాధికారాలూ ఉన్నాయి” అంటూ బయానా కోరే మధ్యవర్తి పట్ల జాగ్రత్త అవసరం. విదేశంలోని యజమాని ఇచ్చే అధికారపత్రానికి అక్కడి నోటరీ లేదా భారత కాన్సలు ధ్రువీకరణ ఉండాలి. అది మన దేశం చేరిన మూడు నెలలలోగా స్టాంపు సుంకం చెల్లించాలి. అధికారపత్రం మాత్రాన యాజమాన్యం సంక్రమించదనీ, రిజిస్టరయిన విక్రయ దస్తావేజే ప్రమాణమనీ సుప్రీంకోర్టు 2011లో స్పష్టపరచింది. అమ్మేవారు ప్రవాసులైతే ధరలోంచి ఆదాయపు పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమకట్టే బాధ్యత కొన్నవారిదే.

చివరిగా, అద్దెకున్నవారు. ఇల్లు చేతులు మారినంత మాత్రాన వారి హక్కులు పోవు. పాత యజమాని బాధ్యతలు కొత్త యజమానికి సంక్రమిస్తాయి. ఇల్లు కొనేవారు అందులోని మనుషులనూ లెక్కలోకి తీసుకొనే ధర నిర్ణయించుకోవాలి.